చూపుడువేలంత లావు

ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలు. తెల్లవారుజామున పడిన జల్లు వెలిసి ఎంతోసేపు కాలేదు. ఆకాశం ఇంకా బూడిద రంగులోనే ఉంది. సముద్రం మీది గాలి నిలిచిపోయింది. ఇసుక తడిసింది గాని నీరు పట్టలేదు. ఈ వివరాలన్నీ నా పుట్టుకకు కారణాలు కనుకనే ముందుగా చెబుతున్నాను. ఇసుక పొడిగా ఉంటే గీత అంచులు జారి కూలిపోయేవి. మరీ తడిగా ఉంటే గీసిన చోటనే నీరు ఊరి పూడిపోయేది. గాలి వీచి ఉంటే పుట్టిన నిమిషంలోనే చెరిగిపోయేదాన్ని. ఇవేవీ జరగలేదు కనుక నేను ఉన్నాను.

నేను ఒక అక్షరరూపాన్ని. అక్షరాన్ని కాదు, అక్షరం తొడుక్కునే ఒంటితీరును. ఒకే ‘అ’ను ఒకరు కలంతో రాస్తారు, ఒకరు కుంచెతో రాస్తారు, ఒకరు సీసంలో పోత పోస్తారు. పలకడంలో తేడా ఉండదు, కనిపించడంలో ఉంటుంది. ఆ కనిపించే తీరులలో నేనొకదాన్ని. నన్ను గుర్తుపట్టడం తేలిక. నా గీత లావు. మొదటినుంచి చివరిదాకా ఒకే లావు. ఎక్కడా సన్నబడదు, ఎక్కడా ఉబ్బదు. మొనల దగ్గర ముక్కులూ తోకలూ ఉండవు. ప్రతి మొనా గుండ్రంగా ముగుస్తుంది. ఐస్‌క్రీము బండి మీదా, పసిపిల్లల సబ్బుపెట్టె మీదా మీరు నన్ను చూసే ఉంటారు. పిల్లలకోసం ఎవరో సరదాగా గీశారని అనుకుని ఉంటారు. నన్ను గీసిన వేలు పిల్లలది కాదు. ఆ వేలికి సరదాలు తీర్చుకునే తీరికా లేదు.

ఆ వేలు అంకమ్మది. ఆమెది చిననాగులపాలెం. ఆ ఊరి ఆడవాళ్ళకు పని ఉప్పుకొఠార్లలో. సముద్రపు నీటిని మళ్ళలోకి పారించి, ఎండబెట్టి, తేలిన ఉప్పును పలకతో లాగి కుప్ప పోయాలి. ఏళ్ళ తరబడి ఆ పని చేసిన చేతులకు చర్మం దళసరి అవుతుంది, వేళ్ళు కణుపుల దగ్గర బలుస్తాయి, గోళ్ళు అరిగి కురచ అవుతాయి. అంకమ్మ చూపుడువేలు చివర గుండ్రంగా, మొదటినుంచి చివరిదాకా దాదాపు ఒకే లావున ఉండేది. నా ఒంటితీరుకు వేరే వివరణ అక్కర్లేదు.

అంకమ్మ అక్షరాలు నేర్చుకోవాలనుకోవడానికి ఒకే ఒక కారణం ఉంది. కొన్నాళ్ళ క్రితం తల్లి చావుబతుకులమీద ఉందని కబురొస్తే ఆమె పట్నం బస్‌స్టాండుకు వెళ్ళింది. అక్కడ ఒక పెద్దమనిషిని తల్లి ఊరు పెదవాగుపల్లికి పోయే బస్సు ఏదని అడిగింది. అతను చదువుతున్న పేపరులోంచి తల ఎత్తకుండానే ఎదురుగా ఉన్న బస్సు చూపించాడు. ఆమె పోవలసింది ఉత్తరానికి, ఆ బస్సు పోయింది దక్షిణానికి. తప్పు తెలుసుకుని, దిగి, ఇంకో బస్సు పట్టుకుని ఆమె చేరేసరికి తల్లిని మట్టి చేసి వచ్చినవాళ్ళు స్నానాలు చేస్తున్నారు. ఆ పెద్దమనిషి మీద ఆమెకు కోపం లేదు. పరాయివాడి నోటిని నమ్ముకోవలసిన స్థితి మీదనే కోపం.

ఇప్పుడామె చెల్లెలు సామ్రాజ్యానికి తొలికాన్పు రాబోతోంది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. తల్లి లేదు కనుక అక్క ఇల్లే పుట్టిల్లు. కాని కొఠార్ల దగ్గర ఎండాకాలం తాగే నీళ్ళకే కరువు. పురిటిమనిషిని అక్కడ ఉంచలేరు. కనుక చెల్లెలు అత్తగారి ఊరు వేములబండలోనే ఉండాలనీ, నొప్పులు మొదలైనట్టు కబురు రాగానే అక్క వెళ్ళి తల్లి స్థానంలో పక్కన కూర్చోవాలనీ ఇద్దరూ అనుకున్నారు. ఉప్పు తీసే కాలంలో అంకమ్మకు తోడుగా వచ్చేవాళ్ళెవరూ లేరు. ఆమె ఒక్కతే వెళ్ళాలి, అదే బస్‌స్టాండు మీదుగా.

అందుకని ఆమె పెద్దవాళ్ళకు చదువు చెప్పే అక్షరదీక్ష తరగతిలో చేరింది. కొఠారు ఆఫీసు వరండాలో పొద్దుగుంకే వేళ పాఠం జరిగేది. ఆడవాళ్ళు ఇసుకలో చక్కగా దిద్దేవారు. పుస్తకం తెరిస్తే మాత్రం తెల్లమొహం వేసేవారు. ఎందుకిలా అవుతోందో కనుక్కోవడానికి హైదరాబాదునుంచి వకుళ వచ్చింది. ఆమె విశ్వవిద్యాలయంలో చిత్రకళ చదివి, పాఠ్యపుస్తకాలకు అక్షరాలు గీసే ఉద్యోగం చేస్తున్న మనిషి. వాచకాన్ని లాంతరు దగ్గర పట్టుకుని చూసింది. అచ్చులో ప్రతి అక్షరమూ ఒకచోట లావుగా, ఒకచోట వెంట్రుకంత సన్నగా ఉంది. ఆ వెలుతురులో సన్నని భాగాలు కనిపించడం లేదు. ఇసుకలో నిండుగా ఉన్న అక్షరం పుస్తకంలోకి వచ్చేసరికి విరిగిన గాజుముక్కలైపోతోంది.

మర్నాడు ఉదయం, నేను మొదట చెప్పిన ఆ వేళకు, ఆడవాళ్ళు పనికి పోయే ముందే వకుళ వచ్చింది. అంకమ్మ గుడిసె ముందు గొంతుక్కూర్చుని ‘వ’ దిద్దుతోంది. దిద్ది, అలవాటు ప్రకారం అరచేత్తో చెరపబోయింది.

“చెరపకు అంకమ్మా!”

“ఎందుకమ్మా, తప్పు రాశానా?”

“లేదు. బాగుంది. అట్లాగే ఉండనీ.”

“ఎంతసేపుంటదమ్మా ఇసకలో గీత, మేకపిల్ల వచ్చి తొక్కిందాకా!”

మేకపిల్ల వచ్చేలోగా వకుళ సంచీలోంచి పలుచని కాగితం తీసి, ఆ గీతపైన పరిచి, పెన్సిలుతో అంచులు తీసింది. కాగితం చెమ్మగిల్లింది, ఇసుక రేణువులు అంటుకున్నాయి. నా మొదటి బొమ్మ ఇప్పటికీ గరుకుగానే ఉంటుంది.

ఆ పైన నన్ను పెంచడానికి వకుళ ఆ చలికాలమంతా కష్టపడింది. లావు గీతకు ఒక ఇబ్బంది ఉంది. ‘వ’కూ ‘ల’కూ నేను సుఖంగా ఒదిగాను. ‘ఘ’ దగ్గరికీ ‘ఝ’ దగ్గరికీ వచ్చేసరికి లోపలి ఖాళీలన్నీ పూడిపోయి అక్షరం ఉండలా తయారైంది. గీతను కాస్త సన్నం చేస్తే సరిపోతుందని ఆఫీసులో అందరూ సలహా ఇచ్చారు. వకుళ ఒప్పుకోలేదు. గీత సన్నబడితే అది అంకమ్మ వేలు కాకుండా పోతుంది. ఆమె గీతను ముట్టుకోకుండా అక్షరాన్నే వెడల్పు చేసింది, మనుషులు ఎక్కువైన ఇంటికి వసారా దింపినట్టు. ఒత్తులకు చూపుడువేలు పట్టదు కనుక వాటిని చిటికెనవేలి లావున గీసింది. ఇసుకలో ఆ ఆడవాళ్ళు చేసేదీ అదే. నాకు ‘వేలిబాట’ అని పేరు పెట్టింది. పేరు పెట్టడానికి ఆమెకు నన్ను గీసినంత కాలమూ పట్టింది.

కొత్త వాచకం వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. అంకమ్మ పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని నా ‘వ’ మీద వేలు ఆనించింది. వేలు సరిగ్గా పట్టింది.

“చూడండే, ఇది నా ఏలే! ఇందులో దూరతంది!”

“ఏలికి ఉంగరం చేయించలేదని మొగుణ్ణి సాధించేదానివి గదే. ఇప్పుడు ఏలికి పుస్తకమే చేయించారు. ఇంక నోరు మూసుకో,” అంది పక్కనున్న తిరుపతమ్మ.

వరండా అంతా నవ్వింది. ఆ నెలలోనే అంకమ్మ వాచకం పూర్తి చేసింది. తన పేరు చదివింది, ఊరి పేరు చదివింది, పాఠాలలో ఉన్న కథలన్నీ గడగడా చదివింది. నా పని పూర్తయిందని నేనూ అనుకున్నాను.

ఒక ఆదివారం సంతపని పెట్టుకుని ఆమె పట్నం వెళ్ళింది. నిజానికి సంతలో ఏ పనీ లేదు. వేములబండ బస్సును తనంతట తాను కనుక్కోగలనో లేదో చూసుకోవాలని ఆమె కోరిక. బస్‌స్టాండులో బస్సులు వరసగా నిలబడ్డాయి, నుదుటిమీద బోర్డులతో. ఆ బోర్డుల మీది అక్షరాలు ఎదురుగాలికి వంగినట్టు కుడివైపుకు వాలి ఉన్నాయి. తలలు ఉబ్బి, తోకలు మెలికలు తిరిగి, ప్రతిదాని వెనకా ఎర్రని నీడ ఒకటి. అంకమ్మ చాలాసేపు చూసింది. తనకు తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. ఎవరినైనా అడగవచ్చు. అడగలేదు. వచ్చిన బస్సులోనే తిరిగివెళ్ళిపోయింది, మర్నాటినుంచి తరగతికి రావడం మానేసింది.

వకుళ గుడిసెకు వెళ్ళి అడిగితే, అంకమ్మ చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

“మీ పుస్తకంలోకి బస్సులు రావు గదమ్మా.”

వకుళ ఆ మాటను వెంటబెట్టుకుని వెళ్ళింది. కారణం వెతకడం ఆమె స్వభావం. వెతికితే కారణం నాలోనే కనిపించింది. నన్ను చదవడం సులువు. సులువు గనుక ఆ ఆడవాళ్ళు నన్ను త్వరగా నేర్చుకున్నారు. నన్నే నేర్చుకున్నారు గనుక ఇంకో తీరు అక్షరాన్ని వాళ్ళ కన్ను ఒప్పుకోవడం లేదు. పుస్తకంలో ఉన్నది ఒక్క నేనే. వీధిలో ఉన్నది తక్కినవాళ్ళందరూ. సామ్రాజ్యానికి నెలలు నిండుతున్నాయి.

బోర్డుల్నే మార్పిద్దామని వకుళ నిశ్చయించుకుంది. ఆ బస్సులకు బోర్డులు రాసేది ఖాదర్ వలీ. డిపో గోడకు ఆనుకుని ఆయన రేకుల షెడ్డు ఉండేది. వకుళ నా చార్టులు చుట్టగా చుట్టి పట్టుకుని, అంకమ్మను బతిమాలి వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళింది. వలీ నల్ల రేకు మీద తెల్ల రంగుతో ఒక ఊరిపేరు అప్పుడే పూర్తి చేసి, ఎర్ర నీడలకు రంగు కలుపుతున్నాడు. నా చార్టు విప్పి చూపించగానే కళ్ళజోడు పైకి జరిపాడు.

“ఇవేం అక్షరాలమ్మా? నూనెలో వేయబోయే గారెల్లాగున్నాయే!”

“చదవడానికి సులువుగా ఉంటాయి వలీగారూ.”

“సులువు సరే. చెయ్యి తిరిగినోడు రాసినట్టుండాలా వద్దా? దూరంనించి చూస్తే ఇది ఖాదర్ వలీ బోర్డని తెలియాల.”

“దూరంనించి చూస్తే ఊరిపేరు తెలిస్తే చాలదా?”

“తెలవనోళ్ళు అడుగుతారు. నోరుంది గదమ్మా మనిషికి!”

అంతదాకా గుమ్మం దగ్గరే నిలబడ్డ అంకమ్మ అప్పుడు మాట్లాడింది.

“అడిగాను సాయిబూ. అడిగితే మా అమ్మ కడచూపు పోయింది.”

వలీ చేతిలోని పుల్ల రంగులో తిరగడం ఆగింది. “ఎట్టా?” అన్నాడు. ఆమె నాలుగు ముక్కల్లో చెప్పింది. ఆయన పుల్లను రంగుడబ్బా మీద అడ్డంగా పెట్టాడు.

“ఇప్పుడు ఏ ఊరు పోవాల నువ్వు?”

“వేములబండ.”

“ఇదే వేములబండ. పొద్దుటినించీ రాస్తండేది ఇదే. రా, దగ్గరికొచ్చి చూడు.”

అంకమ్మ దగ్గరికి వచ్చి చూసింది. ఊరిపేరు ముందే చెప్పినా ఆమె కంటికి అది ఊరిపేరులా లేదు. తెల్లని తీగల చిక్కులా ఉంది. అప్పుడామె కన్ను చేయలేని పనిని చెయ్యి చేసింది. ఇసుకలో దిద్దేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టేదో అక్కడే, మొదటి అక్షరం మీద, చూపుడువేలు ఆనించింది.

“అమ్మో! తడమ్మా, తడి! చెయ్యి తియ్యి!” అని వలీ అరిచాడు.

ఆమె తీయలేదు. విన్నదో లేదో కూడా తెలియదు. వేలు కదిలింది. వలీ గీతలోని ఉబ్బుల మధ్యగా, మెలికల వెంట, వాలిన వంపులోంచి దారి చేసుకుంటూ పోయింది. వేలు పోయిన మేర తెల్లరంగు పక్కలకు జరిగి అడుగున నల్లరేకు బయటపడింది. తెల్ల అక్షరం నడుమ, ఒకే లావున, గుండ్రని మొనలతో నల్లని అక్షరం ఒకటి తేలింది. అది నేను.

“వే,” అంది అంకమ్మ. వేలు ముందుకు పోయింది. “ము... ల... బం...” చివరి అక్షరం వేలితో పూర్తి కాకముందే ఆమె నోట పూర్తయింది. “డ! వేములబండ! ఇవీ అయ్యే గదమ్మా! మనయ్యే! పైన సొమ్ములు పెట్టారు, అంతే!”

వలీ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని బోర్డు మీదికి వంగాడు.

“నా అక్షరం కడుపులో ఇంకో అక్షరం ఉందే!” అన్నాడు మెల్లగా. ఆ వెంటనే తేరుకుని, “బోర్డు చెడగొట్టావు గదమ్మా!” అన్నాడు.

“చదివాను గదా సాయిబూ!”

ఆయన నవ్వాడు. కిరసనాయిలు గుడ్డతో ఆమె వేలికంటిన రంగు తనే తుడిచాడు. ఆ బోర్డును మాత్రం తుడవలేదు, తిరగరాయలేదు. ఆరిన తర్వాత అట్లాగే బస్సుకు ఎక్కించాడు. తక్కిన బోర్డులు ఎప్పటి వాలు అక్షరాలతోనే, ఎప్పటి ఎర్రనీడలతోనే రాసుకున్నాడు. ఆయన చేత నన్ను రాయించాలన్న ఆలోచనను వకుళ అక్కడే విడిచిపెట్టింది. దానికి బదులు వాచకం చివర కొన్ని పుటలు చేర్చింది. ఆ పుటల్లో వలీ రాసిన అక్షరాలు అంచులుగా ఉండేవి, వాటి కడుపులో నేను ఉండేదాన్ని. చదివేవాళ్ళు వేలితో నన్ను దిద్దుతూ ఆయన అక్షరాన్ని గుర్తుపట్టాలి. అంకమ్మ మళ్ళీ తరగతికి వచ్చింది. వచ్చి, ఆ పుటలు తక్కినవాళ్ళకు తనే చెప్పింది.

కబురు మధ్యాహ్నం వేళ వచ్చింది. అంకమ్మ ఉప్పుపలక అక్కడే వదిలి, కాళ్ళు కడుక్కుని బయల్దేరింది. బస్‌స్టాండులో ఖాదర్ వలీ బోర్డున్న బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. తర్వాతి బస్సులు వేరే డిపోలవి, వాటిమీద వేరే వేరే చేతులు రాసిన అక్షరాలు. బోర్డులు అందనంత ఎత్తున ఉన్నాయి. అంకమ్మ వెనక్కు జరిగి నిలబడి, చూపుడువేలు పైకెత్తి, గాలిలో దిద్దడం మొదలుపెట్టింది.

పల్లీలు అమ్ముకునే అతను నవ్వాడు. “ఏందక్కాయ్, దోమలు తోలతండావా?”

“కాదు నాయనా. ఊరు చదువుతండా.”

ఒక బస్సు చదివి వదిలేసింది. ఇంకో బస్సు చదివి వదిలేసింది. ఆ తర్వాతిదాని దగ్గర వేలు చివరిదాకా తిరిగి ఆగింది. ఆమె ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని, టిక్కెట్టు ఇచ్చేటప్పుడు కండక్టరు వేములబండ అనేదాకా ఒళ్ళో చేతులు బిగించుకునే ఉంది. ఆ బస్సులో నన్ను ఎవరూ రాయలేదు, నన్ను ఎవరూ అచ్చువేయలేదు. అయినా నేను అక్కడున్నాను. సామ్రాజ్యం మొదటిసారి గట్టిగా కేక వేసినప్పుడు ఆమె పట్టుకున్నది అక్క చేతినే.

ఆ తర్వాత నా బతుకు చాలా చేతులు మారింది. అక్షరదీక్ష ముగిసింది, అచ్చుకోసం తీసిన నా ఫిల్ములు ఒక బీరువాలో పడుకున్నాయి. కంప్యూటర్లు వచ్చాక ఒక డీటీపీ సెంటరువారికి ఆ వాచకం దొరికింది. వాళ్ళు నన్ను స్కానరు గాజుపలక మీద బోర్లించి, వెలుగు పోనిచ్చి, లోపలికి లాక్కున్నారు. అప్పటినుంచి నాకు యజమాని అంటూ లేడు. నన్ను మొదట వాడుకున్న వ్యాపారి ఒక సారా దుకాణంవాడు. పల్లెల్లో అందరూ సులువుగా చదవగల అక్షరమని విని పెద్ద బోర్డు రాయించాడు. విన్నది నిజమే. నన్ను నేర్చుకున్న ఆడవాళ్ళు దాన్ని సులువుగా చదివి, అంతకన్నా సులువుగా పీకి పారేశారు.

ఐస్‌క్రీములవాళ్ళు నన్ను ఇష్టపడ్డారు, కరిగేలోగా చదవవచ్చునని కాబోలు. మందులవాళ్ళు పిల్లల దగ్గు సిరప్పు మీద వేశారు. పార్టీలవాళ్ళు తమ నాయకుడి పేరు నాలో రాయించి, ఆయన మెత్తనివాడని జనం నమ్ముతారనుకున్నారు. నవ్వు ముఖమే నా దురదృష్టం. ఒక గోడ మీద ‘ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు’ అని నాతో రాస్తే ఒక్కరూ లక్ష్యపెట్టలేదు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద నన్ను వేసినప్పుడు మాత్రం నాకు కష్టమనిపించింది. పోయినాయన ఫొటో గంభీరంగా ఉంది. ఆ కింద నేను బొద్దుగా, బుగ్గలేసుకుని ఉన్నాను. అయితే ఆయన ముసలిభార్య ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి, ఎవరినీ అడగకుండా, తన భర్త పేరును తనే చదువుకుంది. అప్పుడు నా బుగ్గలను నేను క్షమించుకున్నాను.

వకుళను ఆఖరిసారిగా కలుసుకున్నది హైదరాబాదులో ఒక కంటి ఆసుపత్రిలో. చూపు మందగించినవాళ్ళకు దారి తెలియాలని గదుల పేర్లన్నీ నాతో రాయించారు, రేకులో చెక్కి, గీత లోతుగా ఉండేట్టు. ఆమె జుట్టు పూర్తిగా తెల్లబడింది, కళ్ళలో పొర. బోర్డు చదవడానికి దగ్గరగా వచ్చి, నన్ను గుర్తుపట్టి నిలిచిపోయింది. అటూ ఇటూ చూసి, ఎవరూ గమనించడం లేదని రూఢి చేసుకుని, తన చూపుడువేలు నా గీతలో ఆనించింది. ఆమెది ఉప్పు ఎరగని వేలు, సన్ననిది. గీతలో అది నిండలేదు. వేలికి ఇరువైపులా కొంచెం చోటు మిగిలింది. ఆ చోటును ఆమె కాసేపు చూసింది. “అంకమ్మా,” అంది పైకే. నర్సు వచ్చి, “ఎవరు కావాలమ్మా?” అని అడిగింది. “ఎవరూ వద్దమ్మా. గది ఏదో చూసుకుంటున్నాను,” అంది వకుళ.

మనుషులు నా గురించి మాట్లాడుకునేటప్పుడు నా లావు గురించే మాట్లాడతారు. అది ఒక కొలత అనుకుంటారు, స్కేలుతో పెట్టింది అనుకుంటారు. పని చేసిన వేలికి అదొక జాడ అని తెలిసినవాళ్ళు తక్కువ. తెలియకపోయినా చదవడానికి అడ్డేమీ లేదు. అక్షరానికి ఆ గుణం ఉంది. ఎవరు రాశారో అడగనివాళ్ళకు కూడా అది దారి చూపిస్తుంది.

అంకమ్మ బస్సు దిగిన ఆ సాయంత్రం వేములబండలో సామ్రాజ్యానికి ఆడపిల్ల పుట్టింది. పేరు కస్తూరి. ఇప్పుడామె ఖాదర్ వలీ బోర్డులు రాసిన డిపోలోనే కండక్టరు.